తనిఖీ రోజు తాళం

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మా వదిన ముందు ఇంట్లోవాళ్ళని బయటికి తరిమేస్తుంది. నేల కడిగి, తుడిచి, ఆరబెట్టి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వచ్చేవాళ్ళు వచ్చి చూసేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు. మా ఆయన బతికున్న రోజుల్లో, "మా అక్క ఇంటికి చుట్టాలొస్తే ఇంట్లోవాళ్ళు వీధిలో చుట్టాలు" అని నవ్వించేవాడు. తమ్ముడు పోయాక కూడా ఆవిడ మారలేదు. ఇల్లు ఒక్కటే కాకుండా మార్కెట్ మరుగుదొడ్లు కూడా ఆవిడ చేతికొచ్చాయి, అంతే తేడా.

అది కౌన్సిల్ ఇచ్చిన ఉద్యోగం. కూరగాయల మార్కెట్ చివర, చేపల వరసకి ఆనుకుని, ఆడవాళ్ళ కోసం కట్టిన గదులవి. ముందు ఒక కుళాయి, గోడకి ఒక అద్దం. అద్దం వదిన సొంతంగా తెచ్చి తగిలించింది. పొద్దున తలుపులు తీసి, రోజంతా కడుగుతూ ఉండి, సాయంత్రం తాళం వేసి వెళ్తుంది. "మా ఆఫీసు" అంటుంది. అలా అన్నప్పుడు మాలో ఎవరం నవ్వం. ఆ గదులు లేని కాలంలో మార్కెట్ ఆడవాళ్ళం ఇంటి దగ్గర బయలుదేరే ముందు గుక్కెడు నీళ్ళు తాగడానికి కూడా భయపడేవాళ్ళం. ఎండలో కూర్చుని నాలుక పిడచకట్టుకుపోతున్నా సీసా మూత తీసేవాళ్ళం కాదు.

నా అంగడి సరిగ్గా ఆ గదులకి ఎదురు. నేనూ మా అమ్మాయీ ఆకుకూరలు, నిమ్మకాయలు అమ్ముతాం.

అమ్మాయి నా పక్కన కూర్చోవడం వెనక ఒక సంగతి ఉంది. దానికి కాన్పు కష్టమైంది. ఆ తర్వాత నుంచి ఒంటికి వస్తే ఆపుకోలేకపోతోంది. వచ్చిందంటే అప్పటికప్పుడు వెళ్ళాల్సిందే. తగ్గుతుంది గానీ నెమ్మదిగా తగ్గుతుందని, నీళ్ళు మాత్రం మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. దానికి ధైర్యం చాల్లేదు. చాలా కాలం ఇల్లు కదల్లేదు. పిలుపులకి వెళ్ళదు, బస్సెక్కదు. కిటికీ దగ్గర కూర్చుని బిడ్డని ఆడించుకునేది. మాట్లాడే పిల్ల మాట మానేసింది. ఒకరోజు నేను అన్నం గిన్నె మరిచిపోయి వస్తే, దాని మొగుడు ఊళ్ళో లేక, తప్పక తనే పట్టుకొచ్చింది. వచ్చిన కాసేపటికే మొహం మారింది. నేను ఎదురుగా చెయ్యి చూపించాను. వెళ్ళొచ్చి నా పక్కన కూర్చుంది. మర్నాడు గిన్నె మరిచిపోకపోయినా వచ్చింది.

ఇప్పుడు అంగడి దానిదే, నేను పక్కన కూర్చుంటానంతే. "అక్కా, ఈ నిమ్మకాయ పిండి ఇచ్చావంటే మీ ఆయన కోపం కూడా దిగిపోతుంది" అని కేకేస్తుంది. వెళ్ళిపోయేవాళ్ళు వెనక్కి తిరిగి వస్తారు. ఆ గొంతు మళ్ళీ వింటానని నేను అనుకోలేదు.

దాని ఇబ్బంది నాకూ, దాని మొగుడికీ తప్ప ఎవరికీ తెలియదు. అత్తకి కూడా చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకుంది. "అత్త చెవిలో వేస్తే మైకులో చెప్పినట్టేనమ్మా" అంది. అబద్ధమని నేను అనలేకపోయాను.

ఒక సాయంత్రం గొడుగాయన వచ్చాడు. ఆయన మార్కెట్ సంఘానికి పెద్ద. ఎండైనా వానైనా ఏదీ లేకపోయినా చేతిలో గొడుగు ఉంటుంది.

"రేపు కౌన్సిల్ కమిటీ వస్తోందమ్మా. మార్కెట్లో ఏది బాగుచెయ్యాలి, ఏది తీసెయ్యాలి అని చూస్తారట. అంతా శుభ్రంగా ఉండాలి. మన పరువు తియ్యకండి" అన్నాడు.

పరువు అన్న మాట మా వదిన చెవిన పడింది. ఇంకేముంది!

మర్నాడు మేం వచ్చేసరికే గదులన్నీ కడిగేసి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని పొడిగుడ్డతో మూలలు తుడుస్తోంది. తుడవడం అయ్యాక తలుపుకి తాళం వేసి, చెవి నడుం దగ్గర దోపుకుని, గుమ్మం ముందు స్టూలు వేసుకుంది.

చేపలావిడ వచ్చి, "ఏంటక్కా, పెళ్ళికూతుర్ని దాచినట్టు దాచావు?" అంది.

"వాళ్ళు చూసి వెళ్ళాక నువ్వు లోపల కాపురం పెట్టుకో, నాకేం! అప్పటిదాకా అటు రాకు. నీ చెప్పుల నిండా పొలుసులే."

"మరి నాకు అర్జంటయితే?"

"నీకెప్పుడు అర్జంటు కాలేదు గనక? ఓర్చుకో."

అందరం నవ్వాం. ఎవరికీ తప్పనిపించలేదు. ఉల్లిపాయలావిడ అయితే తనంతట తనే వచ్చి అద్దం తుడిచి వెళ్ళింది. పెద్దవాళ్ళు మన చోటు చూడ్డానికి వస్తున్నారు, కాసేపు బిగబట్టుకుంటే ఏం పోయింది అనుకున్నాం. మా అమ్మాయి కూడా పొద్దుట్నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుంది.

ఎండ ఎక్కింది. కమిటీ జాడ లేదు. అమ్మాయి లేచింది.

"అత్తా, తాళంచెవి ఒకసారి ఇవ్వు. ఇప్పుడే వచ్చేస్తాను."

"ఇప్పుడు కాదే బంగారం. సందు మొదట్లో ఉన్నారట వాళ్ళు."

"అత్తా, నిజంగానే…"

"నా పరువు కదే! కాస్త ఓపిక పట్టు తల్లీ."

నేను కూడా లేచాను. "ఇవ్వు వదినా, దానికి ఒంట్లో బాగాలేదు."

"నీ కూతురికి ఇచ్చి మిగతావాళ్ళకి ఇవ్వకపోతే నన్నేమంటారు? అదిగో, చేపలావిడ పొద్దుట్నుంచి కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. దానికేం చెప్పను?"

చెప్పాల్సిన మాట నా నోటిదాకా వచ్చింది. అమ్మాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి. తిరిగొచ్చి మేం కూర్చునే చెక్కబల్ల మీద కూర్చుంది. కాసేపటికి ఖాళీ గోనెసంచి ఒకటి తీసి నడుముకి చుట్టుకుంది. ఎవరైనా చూస్తే చలేస్తోందా అని అడిగేవాళ్ళు, ఆ ఎండలో. ఎవరూ చూడలేదు.

"కడుపులో నొప్పిగా ఉందమ్మా, ఇంటికి పోతాను" అని తలవంచుకుని వెళ్ళిపోయింది.

ఆకుకూరల మీద చల్లే నీళ్ళతో నేను ఆ చెక్క కడిగాను.

భోజనాల వేళ దాటాక వచ్చారు కమిటీ వాళ్ళు. జీపు కనబడగానే వదిన తాళం తీసి దాచేసి, తలుపులు బార్లా తెరిచింది. వచ్చినవాళ్ళలో పెద్దావిడ కళ్ళజోడు మేడమ్. ఊళ్ళో నీళ్ళు, దీపాలు, చెత్తబళ్ళు అన్నీ ఆవిడ కింద ఉంటాయట. లోపలికి వెళ్ళి గోడ మీద వేలు రాసి చూసింది.

"ఇంత శుభ్రంగా ఉన్నది నేనెక్కడా చూడలేదమ్మా" అంది.

వదిన మొహం చూడాలి ఆ క్షణంలో!

ఆ తర్వాత వాళ్ళు ఆ గుమ్మం పక్క నీడలోనే నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. వాళ్ళ వెనక నిలబడి వదిన మాకు కళ్ళతో సైగ చేస్తూనే ఉంది, రావొద్దని. చేపలావిడ లేచి, ఆ కళ్ళు చూసి, మళ్ళీ కూర్చుంది. ఒక్క ప్రాణి అటు వెళ్ళలేదు.

"ఎవరూ రారేమమ్మా?" అని మేడమ్ అడిగింది.

"మీరున్నారు కదండీ. మావాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు" అంది వదిన.

మేడమ్ నవ్వి జీపెక్కింది.

ఆ తర్వాత మార్కెట్‌కి ఎవరొచ్చినా వదిన ఆ మేడమ్ వేలు ఎక్కడ రాసిందో తీసుకెళ్ళి చూపించేది. ఆ వేలిముద్ర పడ్డచోట నీళ్ళు పోయడానికి కూడా ఆవిడకి మనసొప్పలేదు. మా అమ్మాయి మళ్ళీ అంగడికి వచ్చింది. కేకలు కాస్త తగ్గించింది.

గొడుగాయన మళ్ళీ వచ్చిన రోజు గొడుగు మూసి చంకలో పెట్టుకుని వచ్చాడు. అది చూడగానే నా మనసు కీడు శంకించింది.

"మరుగుదొడ్లు మూసేస్తారట. కౌన్సిల్ మీటింగులో పెడుతున్నారు. ఆ చోటు పడగొట్టి బళ్ళు నిలుపుకోవడానికి ఇస్తారట" అన్నాడు.

"ఎందుకండీ?" అన్నాం అందరం.

"వాడకం లేదట. అంతసేపు నిలబడ్డా ఒక్క మనిషి రాలేదట. నేల మీద నీటి చుక్క లేదట."

వదిన ముందు నవ్వింది. ఆయన హాస్యమాడుతున్నాడు అనుకుంది. ఎవరూ నవ్వకపోయేసరికి స్టూలు మీద కూలబడింది.

"నేను తుడిచాను కదండీ" అంది చిన్నగా.

గొడుగాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు తల్లీ. గదులు మూసేస్తే నిన్ను బస్టాండుకి మారుస్తారు, ఉద్యోగం ఉంటుంది. పనివేళలో తాళం వేశావని తెలిస్తే మాత్రం తీసేస్తారు. అందరికీ చెప్తున్నాను, మీటింగులో తాళం ఊసు ఎత్తకండి. ఆడవాళ్ళకి కావాలి అని మాత్రం అడుగుదాం."

వదిన ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే. మా అన్నయ్య, అంటే ఆవిడ మొగుడు, మంచం పట్టి ఉన్నాడు.

సాయంత్రం నేను అమ్మాయితో అన్నాను, "మీటింగులో నేను చెప్పేస్తానే. తాళం వేసి ఉంది కాబట్టే ఎవరూ రాలేదని చెప్తాను."

"అత్త నోటి దగ్గర కూడు తీస్తావా?"

"మరి నువ్వు? మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంటావా?"

అది బిడ్డకి పిలక వేస్తోంది. పిలకకి రబ్బరుబ్యాండు చుట్టింది.

"నేనే మాట్లాడతాను. నా సంగతి చెప్తాను. అత్త సంగతి చెప్పను" అంది.

"అందరి ముందా?"

"అందరికీ తెలియడం కంటే కిటికీయే ఎక్కువ భయంగా ఉందమ్మా."

కౌన్సిల్ హాలు చల్లగా ఉంది. సభ్యుల ముందు మైకులు, మూతలు పెట్టిన గ్లాసులు. జనానికి వెనక తాడు కట్టి, అవతల కుర్చీలు వేశారు. మా బతుకులో ఎన్నడూ అలాంటి చోట కూర్చోలేదు. చేపలావిడ తన చేతులు మాటిమాటికీ వాసన చూసుకుంటోంది. వదిన నాకు అటు పక్కన కూర్చుంది.

ముందు పార్కు గేటుకి ఏ రంగు వెయ్యాలనే మాట వచ్చింది. ఒకరు ఆకుపచ్చ అన్నారు, ఇంకొకరు చెట్లలో కలిసిపోతుంది అన్నారు. గొంతులు లేచాయి. ఒకాయన అలిగి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఆ గేటు దాటేసరికి మాకు నడుములు పడిపోయాయి.

"ఇంతకీ గేటుకి రంగు వేస్తారా, పెళ్ళి చేస్తారా?" అని చేపలావిడ గొణిగింది.

తర్వాత మా విషయం వచ్చింది. మేయర్ ముసలాయన, మంచివాడిలాగే ఉన్నాడు, అలసిపోయి ఉన్నాడు. మేడమ్ లేచి మాట్లాడింది. ఆవిడ మమ్మల్ని తిట్టలేదు, చిన్నచూపు చూడలేదు. మార్కెట్ కింద పైపులు పాతబడ్డాయనీ, మార్చాలంటే తవ్వాలనీ, పైపులు వేయాల్సిన వీధులు ఊళ్ళో ఇంకా ఉన్నాయనీ చెప్పింది. "ఎవరూ వాడని చోటు కోసం, వాడే చోట పని ఆపడం న్యాయం కాదు. నేను స్వయంగా చూశాను" అంది.

ఆవిడ చూసింది నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

జనంలో ఎవరైనా మాట్లాడతారా అని మేయర్ అడిగాడు. గొడుగాయన లేచి, మహిళలు దేశానికి వెన్నెముక అంటూ మొదలుపెట్టి, వెన్నెముక దగ్గరే తిరుగుతూ ఉండిపోయాడు. చాల్లెండని మేయర్ చెయ్యి ఊపాడు.

మా అమ్మాయి లేచింది. తాడు పట్టుకుంది.

"నేను ఆకుకూరలు అమ్ముతానండి. ఆ గదులు నేను వాడతానండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చాలాసార్లు వాడతాను."

వెనక ఎవరో మగవాడు కిసుక్కుమన్నాడు. అమ్మాయి ఆగింది. చేపలావిడ వెనక్కి తిరిగి, "ఏం నాయనా, నువ్వు పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ వెళ్ళలేదా?" అంది. వాడు తల వంచుకున్నాడు.

"బిడ్డ పుట్టినప్పట్నుంచి నాకు ఒంటికి వస్తే ఆగదండి" అంది అమ్మాయి. "అందుకని చాలా రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. అంగడికి ఎదురుగా ఆ గదులున్నాయి కాబట్టి వస్తున్నాను. అవి లేకపోతే రాలేను. అంతేనండి. ఇంకేం చెప్పాలో నాకు తెలియదు."

నా పక్కన వదిన చెయ్యి నా తొడ మీద పడింది. నేను అటు చూడలేదు.

మేడమ్ కళ్ళజోడు తీసింది. మెత్తగానే అడిగింది. "అమ్మా, నీ మాట నేను కాదనను. కానీ మేమొచ్చిన రోజు చాలాసేపు అక్కడే ఉన్నాం. నువ్వు రాలేదు. ఎవరూ రాలేదు. ఎందుకని?"

అమ్మాయి తాడు వైపు చూసింది.

"ఆ రోజు నేను మార్కెట్‌కి రాలేదండి" అంది.

"మిగతావాళ్ళు?"

అమ్మాయి తాడు ముడిని వేలితో గిల్లుతూ నిలబడింది. మేయర్ ఎదురుచూశాడు. ఆయన మైకు దగ్గరికి వంగాడు, అయితే ఓటుకి పెడదాం అనడానికి.

అప్పుడు వదిన లేచింది. లేస్తుంటే కుర్చీ వెనక్కి పడింది.

"అది అబద్ధమండి. వచ్చింది. తాళంచెవి అడిగింది. నేను ఇవ్వలేదు."

గొడుగాయన "అమ్మా, అమ్మా" అంటూ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. వదిన ఆ చెయ్యి పక్కకి నెట్టింది.

"కడిగి తుడిచి తాళం వేశానండి. మీరు చూసేదాకా ఎవర్నీ పోనివ్వలేదు. మీ వెనక నిలబడి రావొద్దని సైగలు చేశాను. మీరు మెచ్చుకోవాలని. ఈ పిల్ల నా తమ్ముడి కూతురు. చెవి అడిగితే కాస్త ఓర్చుకో అన్నాను. దానికి ఓర్చుకోవడం కుదరదని నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు నాకు."

చివరి మాట అంటూ నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

మేయర్ ఆ రోజు ఓటు పెట్టలేదు. ఈసారి చెప్పకుండా వచ్చి చూస్తామని, అప్పటిదాకా గదులు తెరిచే ఉంటాయని అన్నాడు. మేడమ్ కాగితాలు సర్దుకుంటూ వదిన వైపు ఒకసారి చూసింది. వారం తిరక్కుండానే వదినని పనిలోంచి ఆపేశారు. ఆవిడ స్థానంలో వేరే ఆవిడని పంపించారు. కొత్తావిడ మంచిదే, ఎవరినీ కసరదు, తలుపు దగ్గర కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటుంది. నేల తడిగానే ఉంటుంది.

వదిన కొన్నాళ్ళు ఇల్లు కదల్లేదు. నేను వెళ్తే, "రా" అన్నది తప్ప మాట కలపలేదు. అన్నయ్యే మంచంలోంచి, "కూర్చోమ్మా" అన్నాడు. వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర అడిగింది.

"నా తమ్ముడి బిడ్డ కదే అది. నాకెందుకు చెప్పలేదే?"

"అది ఒట్టు పెట్టించుకుంది వదినా."

"నా నోరు అంత చెడ్డదా?"

కాదని అనాలి. అనడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణం ఆవిడకి చాలు. తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

మా అమ్మాయి వెళ్ళి ఏం చెప్పిందో తెలియదు గానీ, తర్వాత వదినని వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పుడు మా అంగట్లో ముగ్గురం కూర్చుంటున్నాం. వదిన కట్టలు కడుతుంది. అమ్మాయితో మాట్లాడుతుంది, చేపలావిడతో పోట్లాడుతుంది, నాతో మాత్రం అవసరమైనంతే. "ఆ దారం ఇలా ఇవ్వు" అంటుంది. వచ్చిన దాంట్లో మూడో భాగం ఇవ్వబోతే, "చూద్దాంలే" అని పక్కకి తిరుగుతుంది. ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎదుటి గుమ్మం మీదే ఉంటాయి. బురద కాళ్ళతో ఎవరైనా లోపలికి వెళ్తే పళ్ళు బిగిస్తుంది.

వాన పడిన ఒక రోజున జీపు వచ్చింది. చెప్పకుండానే వచ్చింది. మేడమ్ దిగి నీళ్ళు దాటుకుంటూ వస్తోంది. గదుల ముందు వరస ఉంది. నేలంతా అడుగులు, చేపల పొలుసులు, ఎవరో పారబోసిన టీ. కొత్తావిడ అల్లిక పక్కన పెట్టి కంగారుగా లేచింది.

వదిన కూడా లేచింది. లేచి సరాసరి ఆ గుమ్మం పక్కనున్న చీపురు వైపు నడిచింది. అమ్మాయి "అత్తా!" అని కేకేసింది.

వదిన చీపురు దగ్గర ఆగింది. చెయ్యి ముందుకి వెళ్ళి ఆగింది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చేత్తో పట్టుకుని, వెళ్ళి చేపలావిడ వెనక వరసలో నిలబడింది.

"ముందుకి జరుగు, ఎంతసేపు?" అంది.

"నీకెప్పటి నుంచి అర్జంటు?" అంది చేపలావిడ.

మేడమ్ వచ్చి చూసింది. బురద చూసింది, వరస చూసింది, వదినని చూసింది. గుర్తుపట్టింది.

"మీరూ వాడుకుంటారా?" అని అడిగింది.

"ఇప్పుడు వాడుకునేదాన్నేనండి" అంది వదిన.

మేడమ్ ముక్కుకి రుమాలు పెట్టుకుని లోపలికి వెళ్ళి వచ్చింది. మర్నాటి మీటింగులో మూసివేత మాట తీసేశారని గొడుగాయన వచ్చి చెప్పాడు. "ప్రస్తుతానికి" అని కూడా చెప్పాడు. వదిన సంగతి అడిగితే, అది వేరే విభాగం అన్నాడు, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

ఎండ మళ్ళీ కాస్తోంది. అమ్మాయి సీసా మూత తీసి చేత్తో పట్టుకుని కూర్చుంది, తాగాలా వద్దా అని ఎదుటి తలుపు వైపు చూస్తూ.

వదిన కట్ట కడుతూ తలెత్తకుండా అంది, "తాగవే. తెరిచే ఉందిగా."

అమ్మాయి తాగింది. వదిన కట్ట ముడివేసి, నా వైపు చూడకుండా చెయ్యి చాపింది. నేను దారం అందించాను.